బాస్కెట్‌బాల్‌లో అందరికన్నా గొప్ప డిఫెండర్ ఎవరు? నా ఓటు బిల్ రసెల్‌కే

మీ పోస్టులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. హకీమ్ ఒలాజువాన్, మైకేల్ జోర్డాన్, కవాయ్ లెనార్డ్, రూడీ గోబెర్‌లలో డిఫెన్స్‌లో మొనగాడు ఎవరన్నది మీరు అడిగింది. ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఎనిమిది జట్లే ఉన్న కాలంలో ఆడిన బిల్ రసెల్‌ని ఈ పోటీలోకి అసలెందుకు లాగుతారన్నది మీ తమ్ముడి ప్రశ్న. రెండోదానికి సరిగ్గా జవాబు చెప్పుకుంటే మొదటిది దానంతటదే తేలిపోతుంది. నా లెక్కలో మొనగాడు రసెల్, బోస్టన్ సెల్టిక్స్ జట్టు సెంటర్, అంటే రిమ్ (బుట్ట) దగ్గర నిలబడే పొడుగాటి ఆటగాడు. హకీమ్ రెండోవాడు, అదీ చాలా దగ్గరలో.

గుంటూరులో స్కూలు, కాలేజీ పిల్లలకు ముప్పై ఏళ్లు ఈ ఆట నేర్పాను. హకీమ్ దగ్గర్నుంచి ఇటువాళ్లందరినీ టీవీలో చూశాను. రసెల్‌ని మాత్రం పాత నలుపు తెలుపు ఫిల్మ్‌లోనే చూశాను. ఆయన ఆడిన మ్యాచ్‌ల్లో పూర్తిగా దొరికేవి కొన్నే. అయినా ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణం మా సిమెంటు కోర్టు మీద మొదలైంది.

ఆ కోర్టుకి ఒక పక్క కాంపౌండ్ గోడ. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక పొడుగు పిల్లవాడు ఉండేవాడు. లే-అప్‌కి (రిమ్ దగ్గరికొచ్చి వేసే తేలిక షాట్) వచ్చినవాడి బంతిని గాల్లోనే బలంగా కొట్టి గోడ అవతల రోడ్డు మీద పడేసేవాడు. ఈలలు, చప్పట్లు. నేను ఆట ఆపి వాణ్ణి అడిగేవాణ్ణి: "ఇప్పుడు బంతి ఎవరిది?" వాడు కాసేపు ఆలోచించి "వాళ్లదే సార్" అనేవాడు. అంతే కదా. బంతి బయటికి పోయింది, వాళ్లే మళ్లీ గీత బయట నుంచి లోపలికి వేస్తారు, షాట్ మళ్లీ వాళ్లే వేస్తారు. అంత ఎత్తు ఎగిరి, అంత గట్టిగా కొట్టి మనం సంపాదించుకున్నది కొన్ని సెకన్లు.

రసెల్ బ్లాక్ చేసిన బంతి చాలాసార్లు కోర్టు దాటేది కాదు. వేళ్లతో పైకి తట్టి తనే పట్టుకునేవాడు, లేదా తనవాళ్ల వైపు నెట్టేవాడు. అవతలివాడు షాట్ వేసి ఇంకా నేల మీద దిగకముందే జట్టులో బంతి నడిపే బాబ్ కూజీ చేతికి బంతి చేరి, ఫాస్ట్ బ్రేక్ (మెరుపు ఎదురుదాడి) మొదలైపోయేది. ఒక్క బ్లాక్‌తో అవతలివాళ్లకి రావాల్సిన రెండు పాయింట్లు పోయాయి, ఇటు రెండు వచ్చాయి. బ్లాక్‌ని ఆయుధంగా వాడిన మొదటి మనిషి రసెల్. అప్పటి కోచ్‌లు చాలామంది డిఫెండర్ కాళ్లు నేల వదలకూడదని నేర్పేవాళ్లు. కాలేజీలో హైజంప్‌లో ఆరున్నర అడుగులు దాటిన మనిషి ఆ పాఠం వినలేదు.

ఇక లెక్కల సంగతి. మీ పోస్టులో స్టీల్స్ (బంతి లాక్కోవడాలు), బ్లాక్స్ పట్టిక పెట్టారు. మంచిదే, కానీ డిఫెన్స్‌ని కొలవడానికి అది సరిపోదు. అలెన్ ఐవర్సన్ 2001 నుంచి 2003 దాకా వరసగా మూడేళ్లు స్టీల్స్‌లో లీగ్ మొదటివాడు. అయినా ఏటా మేటి డిఫెండర్లతో ప్రకటించే ఆల్-డిఫెన్సివ్ జట్టులోకి ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకంటే పాస్‌లు వెళ్లే దారుల్లోకి దూకి జూదమాడే డిఫెండర్ ఒకసారి బంతి లాక్కుంటే, రెండుసార్లు తన మనిషిని వదిలేస్తాడు. ఆ వదిలేసిన సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. ఇంకోవైపు టిమ్ డంకన్‌ని చూడండి. పదిహేనుసార్లు ఆల్-డిఫెన్సివ్ జట్టులో ఉన్నాడు, ఎవరికీ లేని రికార్డు అది. డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఒక్కసారీ రాలేదు. అవార్డుల సంఖ్యతోనే తేల్చేస్తే డంకన్ ఈ చర్చలోనే ఉండడు. అసలు ఆ అవార్డు పుట్టిందే 1982-83లో. బ్లాక్‌లు లెక్కపెట్టడం 1973-74లో మొదలైంది. రసెల్ 1969లోనే రిటైరయ్యాడు. ఆయన ఎన్ని బ్లాక్‌లు చేశాడో అధికారిక లెక్కే లేదు. ఆల్-డిఫెన్సివ్ జట్టు కూడా ఆయన ఆఖరి సీజన్‌లోనే మొదలైంది. ఆ ఒక్క ఏడూ మొదటి జట్టులో ఆయన పేరుంది.

డిఫెన్స్‌లో పెద్ద భాగం జరగని పనిలో ఉంటుంది. కబడ్డీ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గట్టి కార్నర్ ఉన్న వైపు రైడర్ బోనస్ గీత జోలికే పోడు. అటు చూసి, అడుగు వెనక్కి వేసి, రెండో వైపు తిరుగుతాడు. ఆ కార్నర్ ఖాతాలో పాయింటు పడదు, టాకిల్ పడదు. కానీ సగం కోర్టు వాడే కాపాడాడు. బాస్కెట్‌బాల్‌లో రిమ్ దగ్గర నిలబడే పెద్ద ఆటగాడు చేసేది అదే. గార్డు (బంతి నడిపే బయటి ఆటగాడు) లోపలికి దూసుకొచ్చి, ఎదురుగా ఎవరున్నారో చూసి, బంతిని బయటికి పాస్ చేస్తాడు. వేయని ఆ షాట్‌కి లెక్క లేదు.

ఈ కారణంగానే గార్డులనూ వింగ్ (పక్కల ఆడే) ఆటగాళ్లనూ మొదటి స్థానానికి నేను తీసుకోను. జోర్డాన్ 1987-88లో మ్యాచ్‌కి 3.2 స్టీల్స్, 1.6 బ్లాక్స్ చేసి, అదే ఏడు ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు), డిఫెన్సివ్ ప్లేయర్ రెండూ గెలిచాడు. గ్యారీ పేటన్, స్కాటీ పిపెన్, కవాయ్ ఒక మనిషిని నిద్రపోనివ్వని రకం. ఒప్పుకుంటాను, ఆఖరి నిమిషంలో ఒకణ్ణి ఆపాలంటే పిపెన్‌నే పిలుస్తాను. కానీ గార్డు ఎంత గొప్పవాడైనా ఒకణ్ణి ఆపుతాడు, స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే అవతలి ఆటగాడు) తగిలితే ఆ ఒకడూ తప్పించుకుంటాడు. రిమ్ కాపలాదారు ఐదుగురినీ ఆపుతాడు. ముందున్న నలుగురు చేసిన తప్పుల్ని వెనక నుంచి దిద్దేది అతనే.

ఇప్పుడు రసెల్ కేసు. 1956కి ముందు బోస్టన్ సెల్టిక్స్‌లో బాబ్ కూజీ ఉన్నాడు, బిల్ షార్మన్ ఉన్నాడు, రెడ్ ఆవర్‌బాక్ కోచ్. పాయింట్లు కుప్పలు తెప్పలుగా వేసేవాళ్లు. ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. రసెల్ కోసం ఆవర్‌బాక్ ఎడ్ మెకాలీనీ, క్లిఫ్ హేగన్‌నీ సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడి స్వర్ణంతో తిరిగొచ్చి, సీజన్ మధ్యలో రసెల్ జట్టులో చేరాడు. ఆ ఏడే మొదటి టైటిల్ వచ్చింది. టామీ హైన్సన్ కూడా అదే సీజన్‌లో వచ్చాడు, అతని వాటా కూడా ఉంది, కాదనను. కానీ తర్వాతి కథ చూడండి. 1961లో షార్మన్ వెళ్లిపోయాడు, టైటిళ్లు ఆగలేదు. 1963లో కూజీ రిటైరయ్యాడు. దాడికి మూలస్తంభం అనుకున్న మనిషి వెళ్లిపోయినా 1964, 1965, 1966 టైటిళ్లూ బోస్టన్‌వే. 1965లో హైన్సన్ వెళ్లిపోయాడు. 1966లో ఆవర్‌బాక్ కోచ్ కుర్చీ వదిలాడు. రసెల్ తనే కోచ్‌గా, తనే ఆటగాడిగా 1968, 1969 టైటిళ్లు తెచ్చాడు. పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు. ఆ పదకొండిట్లోనూ కోర్టు మీదున్న మనిషి రసెల్ ఒక్కడే.

పోయిన రెండిట్లో ఒకటి 1958. ఆ ఫైనల్ మధ్యలో రసెల్ చీలమండ దెబ్బతింది. రెండోది 1967, ఆ ఏడు ఫిలడెల్ఫియా నిజంగానే మెరుగైన జట్టు.

మరి ఇదంతా డిఫెన్స్ వల్లేనని ఎలా చెప్పగలం? రసెల్ షూటర్ కాదు. కెరీర్ సగటు మ్యాచ్‌కి 15.1 పాయింట్లు. ఫీల్డ్ గోల్స్ 44 శాతం, ఫ్రీ త్రోలు 56 శాతం. బోస్టన్ జట్టు మొత్తంగా పాయింట్లు ఎక్కువ వేసిందంటే వేగంగా ఆడి ఎక్కువ షాట్లు వేసినందువల్లే. అప్పటి బాక్స్ స్కోర్ల నుంచి ఒక్కో పొసెషన్‌కి (బంతి చేతికొచ్చిన ప్రతిసారి) ఎన్ని పాయింట్లని ఈమధ్య అంచనా కట్టినవాళ్లకు, ఆ జట్టు దాడి చాలా ఏళ్లు లీగ్ సగటు కన్నా తక్కువగానే కనిపించింది. డిఫెన్స్ మాత్రం దాదాపు ప్రతి ఏడూ మొదటి స్థానం, అదీ రెండో జట్టుకి అందనంత దూరంలో. సగటు దాడితో పదకొండు టైటిళ్లు గెలవాలంటే రెండో వైపు ఎంత బలం ఉండాలో ఆలోచించండి. 1969లో ఆయన రిటైరయ్యాక 48-34 జట్టు మరుసటి ఏడు 34-48 అయింది, ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. శామ్ జోన్స్ కూడా అప్పుడే రిటైరయ్యాడు కాబట్టి మొత్తం పతనాన్ని రసెల్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ జాన్ హావ్లిచెక్ అక్కడే ఉన్నాడు, అతని మంచి రోజుల్లోనే ఉన్నాడు.

ఒక్క ఆట గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1957 ఫైనల్, సెయింట్ లూయిస్ హాక్స్‌తో ఏడో మ్యాచ్. నాలుగో క్వార్టర్ ఆఖరి క్షణాలు. రసెల్ అవతలి బేస్‌లైన్ దగ్గర ఉండగా, హాక్స్ ఆటగాడు జాక్ కోల్‌మన్‌కి మధ్య గీత దగ్గర బంతి అందింది. ముందు ఎవరూ లేరు, తేలికైన లే-అప్. రసెల్ కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తి ఆ షాట్‌ని వెనక నుంచి బ్లాక్ చేశాడు. మ్యాచ్ రెండు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్లి బోస్టన్ 125-123తో గెలిచింది. అది ఆయన మొదటి సీజన్. ఆ బ్లాక్ లేకపోతే పదకొండులో మొదటిది ఉండేదో లేదో.

మీ తమ్ముడి అభ్యంతరాల దగ్గరికి వస్తాను. ఎనిమిది జట్లే అన్నాడు. 1956-57లో నిజమే, ఎనిమిదే. రసెల్ రిటైరయ్యేనాటికి పద్నాలుగు. జట్లు తక్కువైతే పోటీ తేలికవుతుందని అనుకోవడంలోనే పొరపాటుంది. జట్లు తక్కువైతే ఆటగాళ్లకు చోట్లు తక్కువ, బలహీనుడికి చోటు దొరకదు. పైగా ఒకే ప్రత్యర్థిని ఏడాదికి పదిసార్లు ఎదుర్కోవాలి. నీ బలహీనత వాడికి పూర్తిగా తెలిసిపోతుంది. విల్ట్ చాంబర్లెన్ రసెల్‌తో కెరీర్ మొత్తంలో నూట నలభైకి పైగా మ్యాచ్‌లు ఆడాడు. 7 అడుగుల 1 అంగుళం మనిషి, 1961-62లో మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు వేసినవాడు. అలాంటివాణ్ణి ఏడడుగులు కూడా లేని మనిషి నూట నలభైసార్లు కాశాడు. విల్ట్ ఆయన మీద కూడా దాదాపు 29 సగటుతో వేశాడు, కాబట్టి రసెల్ విల్ట్‌ని "ఆపేశాడు" అనే మాట తప్పు. ఆ పాయింట్లు వచ్చినా ఎక్కువ మ్యాచ్‌లు గెలిచింది బోస్టనే. రసెల్ విల్ట్‌ని కష్టమైన చోట్లకు నెట్టి, మిగతా నలుగురికీ దారి మూసేవాడు.

అప్పటి రీబౌండ్‌ల (తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం) అంకెలు ఉబ్బినవని మీ తమ్ముడు అన్నదాంట్లో నిజం ఉంది. రసెల్ కెరీర్‌లో 21,620 రీబౌండ్‌లు, మ్యాచ్‌కి 22.5. అప్పుడు ఆట వేగం ఎక్కువ, షాట్లు ఎక్కువగా తప్పేవి, రీబౌండ్‌లు అందరికీ ఎక్కువే. ఆ అంకెని ఈనాటి అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు. నేను పోల్చడం లేదు.

అసలు బలమైన అభ్యంతరం మీ తమ్ముడు అడగలేదు, నేనే అడుగుతాను. అప్పుడు త్రీ-పాయింట్ గీత (దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు) లేదు. ఎన్‌బీఏలోకి అది 1979-80లో వచ్చింది. గీత లేనప్పుడు అందరూ రిమ్ దగ్గరే మూగుతారు, రిమ్ కాపలాదారుకి పని దగ్గరలోనే ఉంటుంది. ఈనాటి సెంటర్ ఇరవై ఐదడుగుల దూరం పరిగెత్తి షూటర్ మీదికి పోవాలి, మళ్లీ వెనక్కి రావాలి. రసెల్ అది చేయగలిగేవాడని కోల్‌మన్ వెంట ఆయన పరిగెత్తిన పరుగు చూసి నమ్ముతాను. నమ్మకం వేరు, రుజువు వేరు. రుజువు ఉన్నది హకీమ్‌కి.

నైజీరియాలోని లాగోస్‌లో పెరిగిన హకీమ్ చిన్నప్పుడు హ్యాండ్‌బాల్ ఆడాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. బాస్కెట్‌బాల్‌కి ఆలస్యంగా వచ్చాడు. అతని కాళ్లను చూస్తే ఆ గోల్‌కీపర్ కనిపిస్తాడు. శరీరం ముందుకు వాల్చకుండా, పాదాలు చకచకా మారుస్తూ పక్కకి జరగడం. 3,830 బ్లాక్‌లు, ఇప్పటికీ అందరికన్నా ఎక్కువ. నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించేది 2,162 స్టీల్స్, సెంటర్ ఆడే మనిషికి! 1988-89లో 282 బ్లాక్‌లు, 213 స్టీల్స్. ఒకే సీజన్‌లో రెండూ రెండు వందలు దాటినవాడు మరొకడు లేడు. 1994లో ఎంవీపీ, డిఫెన్సివ్ ప్లేయర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఒకే ఏడు తీసుకున్నాడు.

ఆ 1994 ఫైనల్ ఆరో మ్యాచ్ మా పిల్లలకు ఎన్నిసార్లు చూపించానో. సిరీస్‌లో న్యూయార్క్ నిక్స్ 3-2 ముందుంది. హకీమ్ జట్టు హ్యూస్టన్ ఆ మ్యాచ్‌లో 86-84తో ముందుంది. ఆఖరి సెకన్లలో జాన్ స్టార్క్స్ త్రీకి లేచాడు. పడితే ఆ రోజే నిక్స్‌కి టైటిల్. స్క్రీన్ దగ్గర స్విచ్ అయి (కాయాల్సిన మనుషుల్ని మార్చుకుని) గార్డు ముందుకొచ్చిన సెంటర్ హకీమ్. గీత అవతల, తనకన్నా వేగమైనవాడి ఎదురుగా. చెయ్యి చాచాడు, వేళ్లు బంతికి తగిలాయి, షాట్ పొట్టిగా పడింది. ఏడో మ్యాచ్ హ్యూస్టన్ గెలిచింది. ఈనాటి ఆటలో సెంటర్లకు పెట్టే పరీక్ష సరిగ్గా అదే, హకీమ్ ముప్పై ఏళ్ల కిందే పాసయ్యాడు. కాబట్టి "ఈ రోజు జట్టు కడుతున్నాం, చరిత్రలోంచి ఒక్క డిఫెండర్‌ని తీసుకో" అంటే నేను హకీమ్ పేరే చెబుతాను. "ఎవరి డిఫెన్స్ అందరికన్నా ఎక్కువ గెలిపించింది" అంటే రసెల్. మీరు అడిగిన "గొప్ప" అన్న మాట రెండో ప్రశ్నకే దగ్గర.

గోబెర్‌ని మోసగాడన్నట్టు మీరు కొంచెం కటువుగా రాశారు. నాలుగు డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డులు: 2018, 2019, 2021, 2024. డికెంబే ముటోంబో, బెన్ వాలెస్‌లతో సమానంగా. 2021లో క్లిప్పర్స్ చేతిలో అప్పటి అతని జట్టు యూటా ఓడిపోయిన ఆరో మ్యాచ్‌ని అందరూ చూపిస్తారు. అందులో టెరెన్స్ మన్ 39 పాయింట్లు వేశాడు, 25 పాయింట్లు వెనకబడిన జట్టు గెలిచింది. గోబెర్ కాపలా కాయాల్సిన మన్ మూలలో ఖాళీగా నిలబడి త్రీలు వేశాడు. ఆ వీడియో మళ్లీ చూడండి, ఈసారి బంతిని వదిలేసి యూటా గార్డుల్ని చూడండి. ముందు వరసవాళ్లు తమ మనుషుల్ని ఆపలేక లోపలికి వదిలేశారు. గోబెర్ రిమ్ కాయడానికి లోపలికి రాకపోతే లే-అప్, వస్తే మూలలో త్రీ. ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడు. అది అతని పరిమితి కూడా, ఎందుకంటే హకీమ్ అయితే సగం దూరంలో నిలబడి రెండిటినీ బెదిరించేవాడు. పరిమితి ఉన్నంత మాత్రాన మోసగాడు కాదు.

బెన్ వాలెస్‌ని 1996 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదు. 2004 ఫైనల్‌లో డెట్రాయిట్ అతని భుజాల మీద లేకర్స్‌ని 4-1తో ఓడించింది, మూడో మ్యాచ్‌లో లేకర్స్ వేసింది 68 పాయింట్లే. కెవిన్ గార్నెట్ వాలెస్ కన్నా ఇంకా పై మెట్టు, గార్డు నుంచి సెంటర్ దాకా ఎవరి మీదికైనా స్విచ్ చేయగలిగేవాడు. కోర్టు మీద ఒక్క క్షణం నోరు మూసుకునేవాడు కాదు, అది కూడా డిఫెన్సే. మాట్లాడని డిఫెండర్‌ని నేను జట్టులోకి తీసుకునేవాణ్ణి కాదు.

మీరు "ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్" అని రాసి మగవాళ్ల పేర్లే ఇచ్చారు. టమీకా క్యాచింగ్స్ పేరు లేకుండా ఈ జాబితా నాకు ఒప్పుదల కాదు. డబ్ల్యూఎన్‌బీఏలో (మహిళల లీగ్) ఐదుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, ఎన్‌బీఏలో కూడా ఎవరికీ ఐదు లేవు. ఆ లీగ్ చరిత్రలో అత్యధికంగా 1,074 స్టీల్స్. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న ఆమె, మాటలతో నడిచే డిఫెన్స్‌ని కళ్లతో నడిపింది. ఐవర్సన్ గురించి పైన చెప్పిన జూదం ఆమెలో కనిపించదు. ముందు కాళ్లతో దారి మూస్తుంది, చెయ్యి ఆ తర్వాతే కదులుతుంది. మా అమ్మాయిల జట్టుకి డిఫెన్స్ స్టాన్స్ నేర్పేటప్పుడు నేను చూపించింది ఆమె వీడియోలే.

వరస అడిగారు కాబట్టి ఎన్‌బీఏ వరకూ: రసెల్, హకీమ్, గార్నెట్, డంకన్, ఆ తర్వాత వాలెస్. పాతకాలపు సెంటర్ నేట్ థర్మండ్‌ని నిండు మ్యాచ్‌ల్లో చూసే అవకాశం దొరికి ఉంటే ఈ వరస మారేదేమో.

విక్టర్ వెంబన్యామా వీళ్లందరినీ దాటుతాడా అన్నది మీ ఆఖరి వాక్యం. మొదటి సీజన్‌లోనే మ్యాచ్‌కి 3.6 బ్లాక్‌లతో లీగ్‌లో మొదటివాడు, కొత్తవాడిగా ఆల్-డిఫెన్సివ్ మొదటి జట్టులోకి వచ్చిన తొలి ఆటగాడు. కొలతలు చూస్తే దాటగలడు. దాటాలంటే ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఆడాలి, ఫైనల్స్ జరిగే జూన్‌లో ఆడాలి. ఈసారి పొద్దున్నే లేచి అతని జట్టు శాన్ ఆంటోనియో మ్యాచ్ పెట్టినప్పుడు, అతని బ్లాక్‌లు లెక్కపెట్టకండి. పెయింట్‌లోకి (రిమ్ ముందున్న రంగు వేసిన భాగం) అడుగుపెట్టి, అతన్ని చూసి, డ్రిబుల్ చేసుకుంటూ వెనక్కి తిరిగిపోయే గార్డులు ఎంతమందో ఒక క్వార్టర్ పాటు కాగితం మీద గీతలు పెట్టండి. తర్వాత అతను బెంచీ మీద కూర్చున్న నిమిషాల్లో అదే లెక్క మళ్లీ చేయండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాస్తే, మీ తమ్ముడితో కలిసి మళ్లీ మాట్లాడుకుందాం.